రెండు దీపాలూ వెలిగేదాకా

ఒకప్పుడు వరదల్లో, ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంకు ఎక్స్ఛేంజిలో తీగ తెగిపోతే, హలో పెద్దమ్మ ఆ తెగిన కొసలు రెంటినీ రెండు చేతుల్తో పట్టుకుని పదకొండు గంటలు కుర్చీలో కూర్చుండిపోయింది. ఊరి మాటలన్నీ ఆవిడ ఒంట్లోంచే ప్రవహించాయి. అటువాళ్ళ మాట కుడిచేతిలో ఎక్కి, మెడ వెనకగా తిరిగి, ఎడమచేతిలోంచి ఇటువాళ్ళకు దిగేది. ఆ పదకొండు గంటల్లో మూడు సంబంధాలు ఖాయమయ్యాయి, ఒక తగువు తీరింది, ఒక పసిపిల్లకు పేరు పెట్టారు. ఆ పిల్ల ఇప్పటికీ పెద్దమ్మ ఎదురైతే ఎందుకో తెలియకుండానే నమస్కారం పెడుతుంది.

సరే, పదకొండు గంటలు కాకపోవచ్చు. నిమిషాలు అనుకుందాం. తెగింది తీగ కాదు, బోర్డులో ఒక ప్లగ్గు వదులైంది. అది ఊడిపోకుండా బొటనవేలితో నొక్కి పట్టుకుంది. పేరు పెట్టిన పిల్ల సంగతి గట్టిగా చెప్పలేం. వరద మాత్రం నిజం, గదిలోకి చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. ఆ బొటనవేలి గోరు అప్పుడు నల్లబడింది, ఇంకా నల్లగానే ఉంది. అది ఎవరైనా చూడొచ్చు.

పందొమ్మిదో ఏట ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. పొడుగాటి గది, నలభై సీట్లు. ఒక్కో సీటు ముందు నిలువెత్తు బోర్డు, బోర్డు నిండా చిల్లులు, బల్ల మీద జతలు జతలుగా ప్లగ్గు తీగలు. జతలో ఒక తీగను పిలిచినవాళ్ళ చిల్లులో, రెండో తీగను పిలవాల్సినవాళ్ళ చిల్లులో గుచ్చితే మాట కలుస్తుంది. ఒక్కో తీగకూ ఒక బుల్లి దీపం ఉండేది. అటువైపు ఫోను పెట్టేస్తే ఆ దీపం వెలిగేది. వెనకాల సూపర్‌వైజరమ్మ పచార్లు చేస్తూ ఉండేది. చెప్పుల చప్పుడు చెయ్యని మనిషి కాబట్టి ఆవిడంటే అందరికీ హడలు.

చేరినరోజే సూపర్‌వైజరమ్మ మూడు సంగతులు చెప్పింది. రెండు దీపాలూ వెలిగేదాకా తీగ లాగకూడదు, ఒకరు పెట్టేసినా రెండోవాళ్ళు ఉన్నంతసేపూ లైను బతికున్నట్టే. "నువ్వు లాగితే ఎవరి మాట గొంతులో ఇరుక్కుంటుందో నీకు తెలీదు" అంది. విన్న నంబరును ఒక్కో అంకే విడగొట్టి రెండుసార్లు తిరిగి చదవాలి. మూడోది చెప్పేటప్పుడు మాత్రం కొత్త పిల్ల గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "లైన్లో విన్నది విననట్టే. అడిగింది నీ కన్నతండ్రైనా సరే, వినలేదనే చెప్పాలి. ఏంటి?"

"వినలేదనే చెప్పాలి మేడమ్."

ఆ మాటకు పరీక్ష రెండేళ్ళకే వచ్చింది. పెద్దమ్మకు ఒక సంబంధం కుదిరింది, తేదీ కూడా అనుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం పెళ్ళికొడుకు తండ్రి తన బంధువుకు ట్రంకు కాల్ బుక్ చేశాడు. ఆ కాల్ పెద్దమ్మ సీటుకే వచ్చింది. తీగ గుచ్చి, లైను బాగుందో లేదో చూడ్డానికి చెవి పెట్టింది. "ఆ పిల్ల వద్దులే, మావాడు ఇష్టం లేదంటున్నాడు, ఎల్లుండి ఉత్తరం రాసేస్తా" అన్నాడు ఆ పెద్దాయన. రెండు దీపాలూ వెలిగాక పెద్దమ్మ తీగ లాగింది. కాల్ టికెట్టు మీద ఎన్ని నిమిషాలో రాసింది. ఇంటికెళితే తల్లి అడిగింది, వాళ్ళ దగ్గర్నుంచి కబురేమైనా తెలిసిందా అని. "నాకేం తెలీదమ్మా" అంది. ఉత్తరం వచ్చేదాకా నాలుగు రోజులు, తల్లి పెళ్ళిబట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని తనూ మడతపెట్టింది.

ఆ తర్వాత పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ముప్ఫైనాలుగేళ్ళు పనిచేసింది. బోర్డులు పోయి మిషన్లు వచ్చాయి, నలభై సీట్లూ పాత సామాన్ల కింద తూకానికి పోయాయి. పెద్దమ్మ పెన్షన్ పుచ్చుకుని ఇంట్లో కూర్చుంది. కానీ ఫోనెత్తితే "హలో" అనే తీరు మాత్రం మారలేదు, ఆ రెండక్షరాల్లోనే అవతలివాళ్ళు నిటారుగా కూర్చునేవారు. వీధివాళ్ళు పెట్టిన పేరు దాన్నుంచి వచ్చిందే.

ఆవిడకు తనకంటే పదేళ్ళు చిన్నదైన చెల్లెలు ఉంది. మొగుడు పోయాక అక్క దగ్గరికే వచ్చేసింది. బడి సంచులు కుట్టే కార్ఖానాలో పని, ఇంకా చేస్తూనే ఉంది. అక్క నోట్లోంచి మాట రావడం ఎంత కష్టమో, చెల్లెలి నోరు మూతపడ్డం అంత కష్టం. ఇద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల్లో ఇరవై రెండేళ్ళుగా అద్దెకుంటున్నారు. ఇంటాయనకు కిందే మందుల షాపు. మంచివాడే గానీ ఒక్క పట్టు ఉంది, గోడకు మేకు కొట్టకూడదు. అందుకని ఇరవై రెండేళ్ళూ వాళ్ళ అద్దం కుర్చీ మీద, క్యాలెండరు కిటికీ చువ్వకు, తల్లి ఫోటో బీరువా పైన ఉండేవి. చెల్లెలు ఫోటో తుడిచినప్పుడల్లా "నీకు గోడ లేదమ్మా, ఏం చేస్తాం" అనేది.

ఆ ఏడు మందుల షాపాయన ఆ రెండు గదులూ అమ్మేస్తానన్నాడు. "బయటివాళ్ళకంటే మీకే ఇస్తానమ్మా. కానీ నెలాఖరు దాకానే ఆగగలను, కొనేవాళ్ళు వేరే కూడా ఉన్నారు" అన్నాడు. అక్క రిటైరైనప్పుడు వచ్చింది, చెల్లెలు కుట్టు మిషను ముందు వంగి వంగి నడుము పోగొట్టుకుని దాచింది, రెండూ కలిస్తే సరిగ్గా సరిపోతాయి. రెండూ అక్క అకౌంట్లోనే ఉన్నాయి. "నువ్వు ఆఫీసు మనిషివి, నాకు ఆ ఫారాలవీ పడవు" అని చెల్లెలు తనది కూడా అందులోనే వేసేది. నెలాఖరుకు ఇంకా వారం ఉండగానే ఒక సుత్తీ, ఒక పొట్లం మేకులూ కొనుక్కొచ్చింది. పొట్లాన్ని బల్ల మీద గలగలలాడించి, "విను అక్కా, ఇదీ సొంత ఇంటి చప్పుడు" అంది.

ఫోను వచ్చింది మంగళవారం పొద్దున పదీ పదికి. చెల్లెలు అప్పటికే కార్ఖానాకు వెళ్ళిపోయింది.

"మేడమ్, మీ పేరు మీద బుక్ అయిన ఒక పార్శిల్‌లో దొంగ పాసుపుస్తకాలు దొరికాయి. మీ మీద కేసు ఉంది. పెద్దాఫీసరు గారికి కలుపుతున్నాను, లైన్లో ఉండండి."

లైన్లో ఉండండి. ఆ మాటను పెద్దమ్మ ముప్ఫైనాలుగేళ్ళు రోజుకు మూడొందలసార్లు అంది. దాన్ని తనకు ఇంకొకరు అంత పద్ధతిగా చెప్పడం ఇదే మొదలు. ఆవిడ లైన్లో ఉంది.

పెద్దాఫీసరు గొంతు బరువుగా ఉంది. కోప్పడలేదు. పార్శిల్‌తో ఆవిడకు సంబంధం లేదని తను నమ్ముతున్నానని కూడా అన్నాడు. "కానీ విచారణ జరగాలి కదమ్మా. అది అయ్యేదాకా రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, నేను చెప్పేదాకా ఈ కాల్ కట్ చేయకూడదు. రెండు, ఇందులో విన్నది ఎవ్వరికీ చెప్పకూడదు. ఇంట్లోవాళ్ళకి కూడా. అడిగితే ఎవరూ ఫోన్ చేయలేదనే చెప్పాలి."

ఇంకెవరికైనా ఈ రెండు మాటలూ వినగానే ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. నిజమైన ఆఫీసరు కాల్ కట్ చేస్తే ఎందుకు భయపడతాడు, ఇంట్లోవాళ్ళకు చెబితే అతనికి వచ్చే నష్టమేంటి అని ఒక్క క్షణం ఆలోచించేవాళ్ళు. పెద్దమ్మకు ఆ ముల్లు గుచ్చుకోలేదు సరికదా, రిటైరైన ఇన్నేళ్ళకు తనకు అర్థమయ్యే భాష మాట్లాడేవాడు దొరికాడనిపించింది. భయం భయంగానే ఉంది. వీపు మాత్రం దానంతటదే నిటారైంది.

"అర్థమైంది సార్" అంది.

అకౌంట్లో ఉన్న డబ్బు మంచిదో చెడ్డదో తేలాలంటే దాన్ని కొన్ని గంటలు ప్రభుత్వ అకౌంట్లో పెట్టి చూడాలన్నాడు ఆఫీసరు. సాయంత్రానికి తిరిగి వచ్చేస్తుందన్నాడు. ఫోనుకు ఒక మెసేజ్ వస్తుంది, అందులో అంకెలు చదివితే చాలు.

మెసేజ్ వచ్చింది. అంకెల కింద ఇంకో రెండు వరుసలు కూడా ఉన్నాయి. ఈ నంబరు ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకువాళ్ళడిగినా చెప్పొద్దు అని ఉంది వాటిలో. పెద్దమ్మ ఆ వరుసల మీదికి కళ్ళు పోనివ్వలేదు. ఆపరేటరుకు నంబరుతోనే పని, మిగతా మాటలు పరాయివాళ్ళ సొంత గొడవ. గొంతు సవరించుకుని చదివింది. "నాలుగు... సున్నా... ఏడు... ఏడు... రెండు... తొమ్మిది. మళ్ళీ చదువుతున్నాను సార్. నాలుగు... సున్నా..."

"ఒక్కసారి చాలమ్మా!"

"రెండుసార్లు చదవాలి బాబూ, పద్ధతి" అని మొత్తం చదివింది.

అవతల ఎవరో నవ్వాపుకున్నట్టు చిన్న చప్పుడైంది. లైన్లో ఏదో గరగర అనుకుంది.

అలా ఫోన్లో పంపగలిగినంతా వెళ్ళింది. మిగిలింది డిపాజిట్‌లో ఉంది, దానికి బ్యాంకుకే వెళ్ళాలి. భోజనం అయ్యాక బయల్దేరమన్నాడు ఆఫీసరు. ఏం చెప్పాలో, ఎవరి పేరు చెప్పాలో కూడా నేర్పాడు.

ఒంటిగంటకు చెల్లెలు భోజనానికి వచ్చింది. కార్ఖానా రెండు సందుల అవతలే. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. "మా మేస్త్రి లేడూ, నేను ఇల్లు కొంటున్నానని తెలిసి, సంచులు కుట్టి ఇళ్ళు కొంటారా అన్నాడే. నీ సంచిలో నువ్వు చెయ్యిపెట్టి చూసుకో నాయనా అన్నా. అవునూ, చెవిలో ఆ ఫోను పుల్లలేంటి నీకు?"

పెద్దమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"పాటలా? ఈ వయసులోనా? వినవే, విను. ఎవరైనా చూస్తే ప్రేమలో పడిందనుకుంటారు." చెల్లెలు కంచం పెట్టుకుంటూ వంగి అక్క మొహంలోకి చూసింది. "ఏంటే, అలా ఉన్నావ్? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"ఎవరైనా ఏమైనా అన్నారా? మందుల షాపాయన మాట మార్చాడా?"

"లేదు."

"అమ్మయ్య. నా గుండె ఆగిందనుకో. మాట మార్చనీ, ఆ మేకుల పొట్లం వాడి నెత్తిన పోస్తా." తిన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది. గోడకు లేత పచ్చ వేయిద్దామా, అమ్మ ఫోటో తలుపుకెదురుగానా, పక్కనా. పెద్దమ్మ చెవిలో ఆఫీసరు ఊపిరి వినిపిస్తోంది. వెళ్ళబోతూ చెల్లెలు గుమ్మంలో ఆగింది. "సాయంత్రం వచ్చేటప్పుడు నీకు మోకాలి మందు తెస్తా. ఆ పాటలు ఆపి కాసేపు నడుం వాల్చు." మెట్లు దిగిపోయింది.

ఆ రోజంతటిలో ఫోను పక్కన పడేసి నోరు విప్పడానికి అంతకంటే మంచి అదను లేదు. అలాంటి అదను మళ్ళీ ఒకటి వచ్చింది. అది బ్యాంకులో.

అక్కడ కౌంటరులో కళ్ళద్దాల క్లర్కు ఉంటుంది. ఆమెకు అక్కచెల్లెళ్ళిద్దరూ బాగా తెలుసు. ఇల్లు కొంటున్న సంగతి చెల్లెలు ఆమెకూ, ఆమె పక్కవాళ్ళకూ, వరసలో నిలబడ్డవాళ్ళకూ ఎప్పుడో చెప్పేసింది. క్లర్కు కాగితం చూసి, కంప్యూటరు చూసి, పెద్దమ్మను చూసింది.

"ఇంటికేనా పెద్దమ్మా?"

"ఇంటికేనమ్మా."

"ఈ అకౌంటు మందుల షాపాయనది కాదే. పేరు వేరేలా ఉంది."

"వాళ్ళ బావమరిదిది."

క్లర్కు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. గాజు కింద నుంచి ఒక తెల్లకాగితం, దాని మీద పెన్సిలు ముందుకు తోసింది. గొంతు బాగా తగ్గించింది. "పెద్దమ్మా, పొద్దుట్నుంచీ మీకెవరైనా ఫోన్ చేసి భయపెడుతున్నారా? పోలీసులమని గానీ, ఇంకోటని గానీ? కాల్ కట్ చేయొద్దన్నారా? పోలీసులు ఫోన్లో అరెస్టు చేయరు పెద్దమ్మా, డబ్బు పంపమని అసలే అడగరు. మీరు నోటితో చెప్పక్కర్లేదు. ఇక్కడో గీత గీయండి చాలు. మిగతాది నేను చూసుకుంటా."

పెన్సిలుకు దారం కట్టి ఉంది. ఎక్స్ఛేంజిలో టికెట్లు రాసే పెన్సిళ్ళకు కూడా అలాగే దారం కట్టి ఉండేది. పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. చేతిసంచిలో ఫోను మౌనంగా వింటోంది. పెన్సిలు మొన కాగితానికి తాకింది కూడా. అడిగింది నీ కన్నతండ్రైనా సరే.

"నాకెవరూ ఫోన్ చేయలేదమ్మా" అంది పెద్దమ్మ, పెన్సిలు పక్కన పెట్టేసి.

"నిజంగానా?"

"నిజంగానే."

ఆ మనిషి అబద్ధమాడడం ఎవరూ ఎరగరు. "సరే పెద్దమ్మా. గృహప్రవేశానికి పిలవడం మర్చిపోకండి" అని క్లర్కు ముద్ర వేసింది.

బ్యాంకు బయట ఏడు మెట్లు, మెట్ల కింద ఒక సిమెంటు బల్ల. పెద్దమ్మ అక్కడ కూర్చుని, పుల్లలు చెవిలో పెట్టుకుని, "పంపేశాను సార్" అంది.

"వెరీ గుడ్. ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అన్నాడు ఆఫీసరు. పని అయిపోయిందన్న ఊపులో నోరు మూసే మీట నొక్కడం మర్చిపోయినట్టున్నాడు.

అప్పుడు వినిపించింది. ముందు ఒక కుర్చీ చక్రాల మీద కదిలిన చప్పుడు. తర్వాత పక్కన ఒక ఆడగొంతు, "లైన్లో ఉండండమ్మా." దానికవతల ఒక మగగొంతు, "అంకెలు చదవండి సార్." దానికవతల ఇంకోటి, ఇంకోటి. దగ్గరవి మాటల్లా, దూరానివి తేనెపట్టు రొదలా. వెనక ఎవరో నడుస్తున్నారు, చప్పట్లు కొట్టి తొందరపెడుతున్నారు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఏ పోలీసు స్టేషన్లోనూ ఇలాంటి రొద ఉండదు. ఇది బోర్డు. ముప్ఫై ఎనిమిది, నలభై సీట్లు. పొడుగాటి గది, కప్పు తక్కువ ఎత్తు. వాళ్ళు ఆఫీసర్లు కారు. షిఫ్టు పని చేసే ఆపరేటర్లు.

అంతా తెలిసిపోయింది. పోయింది తన డబ్బొక్కటే కాదనీ, చెల్లెలి నడుం కూడా అందులోనే పోయిందనీ తెలిసింది. బ్యాంకు గడియారం మూడూ ఇరవై అయిదు చూపిస్తోంది. నాలుగింటిదాకా తలుపు తెరిచే ఉంటుంది. అంత తెలిసినా చేత్తో ఫోను నొక్కి కట్ చేయలేకపోయింది. అవతలివాడు ఇంకా లైన్లో ఉన్నాడు, దీపం వెలగలేదు. అతను తిరిగి వచ్చేదాకా మూడు నిమిషాలు అలాగే కూర్చుంది.

"ఆఁ, చెప్పండమ్మా."

"మీ బోర్డులో ఎన్ని సీట్లు బాబూ?"

"ఏంటి?" ఆఫీసరు గొంతులోంచి బరువంతా జారిపోయింది. కింద పాతికేళ్ళ కుర్రగొంతు ఉంది.

"వెనకాల నడుస్తోంది మీ సూపర్‌వైజరేనా?"

అతను పెట్టేశాడు. ఒక దీపం వెలిగింది. అప్పుడు పెద్దమ్మ కూడా పెట్టేసింది.

ఇక మిగిలింది ఏడు మెట్లు. అద్దం లోపల కళ్ళద్దాల క్లర్కు కనిపిస్తూనే ఉంది. వెళ్ళి ఒక్క మాట చెబితే ఆమె వెంటనే ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి ఉండేది. పెద్దమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నాకెవరూ ఫోన్ చేయలేదమ్మా అని చెప్పి పది నిమిషాలు కాలేదు. లైన్లో విన్నదాని గురించి అన్న మాట ఆవిడ జన్మలో వెనక్కి తీసుకోలేదు, ఎలా తీసుకోవాలో కూడా తెలియదు. తాకిన చోట పెన్సిలు చుక్క ఒకటి ఆ కాగితం మీద ఉండే ఉంటుంది. కాలు వెనక్కి తీసుకుంది. ఇంటికెళ్ళి, ఉతికిన బట్టలు మళ్ళీ ఉతికింది.

ఆ సాయంత్రం చెల్లెలు మోకాలి మందు తెచ్చింది. మర్నాడు లేత పచ్చ రంగు నమూనా తెచ్చింది. ఆ మర్నాడు, "ఇంకెంతలే, మనదేగా" అని కుర్చీ ఎక్కి గోడకు మొదటి మేకు కొట్టింది. ఇరవై రెండేళ్ళ కసి ఆ సుత్తిలో ఉంది. ఒక్కో దెబ్బకూ పెద్దమ్మ కళ్ళు ఆర్పుతూ కుర్చీ కదలకుండా పట్టుకుంది. ఫోటో వేలాడదీసి చెల్లెలు కిందికి దిగి, "అమ్మకు గోడొచ్చింది" అని కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మ కూడా తుడుచుకుంది. ఒకప్పుడు పెళ్ళిబట్టలు మడతపెట్టినట్టే.

నెలాఖరు రోజు చెల్లెలు పనికి సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది.

"పాసుపుస్తకం తీసుకో అక్కా, బయల్దేరదాం."

"అక్కర్లేదు."

"అదేంటి, ఆయనే పైకి వస్తానన్నాడా?"

"అందులో ఏం లేదు."

"దేంట్లో?"

"పుస్తకంలో."

చెల్లెలు నవ్వింది. అక్క ఎప్పుడూ వేళాకోళమాడదని గుర్తొచ్చి నవ్వు మధ్యలో ఆగింది. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి, అందక నేల మీదే కూర్చుంది.

"నాది కూడానా?"

"నీది కూడా."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"మంగళవారమా! ఇవాళెంత? ఇన్ని రోజులూ... నేను మేకు కొడుతుంటే కుర్చీ పట్టుకున్నావే నువ్వు!"

పెద్దమ్మ పాసుపుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని బ్యాంకుకు లాక్కెళ్ళింది. కళ్ళద్దాల క్లర్కు మొహం పాలిపోయింది. "అదే రోజు, అదే గంటలో చెప్పి ఉంటే ఆపగలిగేవాళ్ళం పెద్దమ్మా. అంతా కాకపోయినా చాలావరకు. ఇప్పటికి అది పది చేతులు మారిపోయి ఉంటుంది." బస్సు ఛార్జీలకు సరిపోయేంత ఎక్కడో చిక్కింది. మిగతాది లేదు.

పోలీసు స్టేషన్లో రైటరు కాగితం తీశాడు. "ఎన్నింటికి వచ్చిందమ్మా ఫోను?"

"నాకెవరూ ఫోన్ చేయలేదు" అంది పెద్దమ్మ.

రైటరు ఆవిడ ఫోను అటూ ఇటూ నొక్కి చూశాడు. "ఇందులో ఉందిగా పెద్దమ్మా. పదీ పదికి. అయిదు గంటల పద్దెనిమిది నిమిషాలు మాట్లాడారు."

"రాంగ్ నంబరు."

"అయిదు గంటలా?"

పక్క బల్ల దగ్గరెవరో కిసుక్కుమన్నారు. చెల్లెలు ఆగలేకపోయింది. "ఎవరిని కాపాడుతున్నావే? ఆ దొంగల్నా? వాళ్ళు నీకేమైనా జీతమిచ్చారా? నోరు విప్పవే అక్కా, నీకు దణ్ణం పెడతా!" నిజంగానే రెండు చేతులూ జోడించింది. పెద్దమ్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. నోరు మాత్రం విప్పలేదు. చివరికి చెల్లెలే తనకు తెలిసిన నాలుగు ముక్కలూ రాయించి సంతకం పెట్టింది. సొమ్ము పోగొట్టుకున్న మనిషి ఏమీ జరగలేదంటుంటే ఆ కాగితం ఎంత దూరం నడుస్తుంది?

మందుల షాపాయన ఇంకో నెల ఆగాడు, ఆ తర్వాత ఆగలేకపోయాడు. ఖాళీ చేసేరోజు చెల్లెలు ఫోటో దించి, పళ్ళు బిగించి మేకు పీకింది. చిల్లులో సబ్బుముక్క అరగదీసి పూడ్చింది. మిగిలిన మేకుల పొట్లం మందుల షాపు బల్ల మీద పెట్టి, "కొత్తవాళ్ళకు పనికొస్తాయి" అంది. ఆయన తల పైకెత్తలేదు.

ఇప్పుడు వాళ్ళది బస్సు డిపో వెనక ఒక్క గది. అద్దం మళ్ళీ కుర్చీ మీదికి వచ్చింది. చెల్లెలి నడుం ఇంకా వంగింది, మానేద్దామనుకున్న పని మానలేకపోయింది. వంటయిందనీ, నీళ్ళొచ్చాయనీ, అలాంటి అవసరమైన మాటలే మాట్లాడుతుంది. ఆ గదిలో ఇద్దరూ ఉన్నారో లేదో పక్కింటివాళ్ళకు తెలియదు. ఒక్కసారి మాత్రం, కంచాలు కడుగుతూ, అటు తిరిగే అంది. "వాళ్ళకి చెప్పకపోతే చెప్పకపోయావ్. నాకు చెప్పొచ్చుగా, ఆ మధ్యాహ్నం. నేను పక్కనే కూర్చుని తింటున్నాను."

పెద్దమ్మ ఆ కంచం అందుకుని తుడిచింది.

డిపో వెనకవాళ్ళకు ఇంకో వింత తెలుసు. ఎవరికైనా పోలీసులమనో, బ్యాంకువాళ్ళమనో, బహుమతి వచ్చిందనో ఫోను వస్తే, పరిగెత్తుకొచ్చి హలో పెద్దమ్మ చెవి దగ్గర పెడతారు. ఆవిడ కళ్ళు మూసుకుని మూడు ఊపిరుల సేపు వింటుంది. "బోర్డు. పెట్టెయ్" అంటుంది. తను మాత్రం కట్ చేయదు, ఎవరి ఫోను వాళ్ళే కట్ చేసుకోవాలి. ఈమధ్యనే ఒక కండక్టరు భార్య అలా బయటపడింది. ఒక ముసలి దర్జీ కూడా. ఎలా కనిపెట్టావు పెద్దమ్మా అంటే "ఊరికే" అంటుంది.

ఆ సంగతి కళ్ళద్దాల క్లర్కు దాకా వెళ్ళింది. పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళను ఒకరోజు బ్యాంకులో కూర్చోబెట్టి, మోసగాళ్ళ గురించి చెప్పే ఏర్పాటు చేసింది. పెద్దమ్మను కూడా రమ్మంది. ఆవిడ వెళ్ళి చివరి కుర్చీలో కూర్చుంది. క్లర్కు పేరేమీ చెప్పకుండా ఒకావిడ కథ చెప్పింది, తెల్లకాగితం గురించీ, పెన్సిలు గురించీ చెప్పింది. "కాల్ కట్ చేయొద్దంటే వెంటనే కట్ చేయండి. ఎవరికీ చెప్పొద్దంటే కనిపించిన మొదటి మనిషికి చెప్పండి. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడుతూ కూర్చోకండి, అదే నిమిషంలో పరిగెత్తుకు రండి" అంది. అంటున్నంతసేపూ చివరి కుర్చీ వైపు చూడకుండా ఉండడానికి నానా అవస్థా పడింది.

చూడకుండా ఉండలేని మనిషి ఒకాయన పక్క కుర్చీలో ఉన్నాడు. రిటైరైన లైన్‌మన్. ఎక్స్ఛేంజి రోజుల్నుంచీ ఎరిగినవాడు. వంగి అడిగాడు. "ఏమ్మా, ఆ కథలో ఆవిడ మీరేనటగా? వరదల్లో తీగ పట్టుకుని కూర్చున్నది కూడా మీరేగా?"

హలో పెద్దమ్మ వీపు నిటారైంది. నల్లగోరు బొటనవేలిని గుప్పిట్లోకి మడిచింది.

"ఎవరు చెప్పారండీ మీకు? అంతా వట్టిది. వరదా రాలేదు, తీగా తెగలేదు. గోరు తలుపు సందులో పడి నలిగింది. ఆ ఇల్లు వదిలింది మోకాళ్ళ నొప్పులకి, మూడో అంతస్తు ఎక్కలేక. నాకెవరూ ఫోన్ చేయలేదు."